సింహాసనం వదులుకున్న పెద్దకొడుకు వంశం: సలూంబర్ ఠికాణా గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

సరస్సులఊరి_తెలుగోడు:
అందరికీ నమస్కారం. బ్యాంకు ఉద్యోగం మీద ఉదయపూర్ వచ్చి రెండేళ్ళయింది. పోయిన ఆదివారం పిల్లలతో జైసమంద్ చెరువు చూసి, అక్కణ్ణుంచి సలూంబర్ దాకా వెళ్ళాం. ఉదయపూర్‌కి దక్షిణంగా డెబ్బై కిలోమీటర్లుంటుంది. 2023లో జిల్లా చేశారు. 2024 చివర్లో కొత్త జిల్లాలు కొన్ని రద్దు చేసినప్పుడు కూడా ఇది నిలబడింది. ఊళ్ళో పాత కోట, దాని చుట్టూ అల్లుకున్న బజారు.

మా బ్రాంచిలో ఒక చూండావత్ ఉన్నాడు. "ఎలా ఉంది మా ఊరు?" అని అడిగి, మాటల్లో "మేవాడ్ సింహాసనం అసలు మాది. మేమే ఇచ్చేశాం" అన్నాడు. ఏదో పాత సైకిల్ ఇచ్చేసినంత తేలిగ్గా! ఇంట్లో తాతల నాటి పట్టా కాగితం ఉందట, దాని మీద బల్లెం గుర్తు ఉంటుందట. రాజు కాగితం మీద వేరేవాళ్ళ గుర్తేమిటి? సిసోదియా, చూండావత్, కృష్ణావత్ అని మూడు పేర్లు చెప్పాడు, నాకు తల తిరిగింది. ఓపికున్నవాళ్ళు విడమరచి చెప్పరూ?

పాతకాగితం:
మంచి ప్రశ్న వేశారు బాబూ. ముప్పై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి, నిడివి ఎక్కువైతే ఓర్చుకోండి.

సిసోదియా అంటే మేవాడ్ ఏలిన రాణాల వంశం. అందులో రాణా లాఖా పెద్దకొడుకు చూండా. అతని సంతతి చూండావత్‌లు. ఆ చూండాకి కొన్ని తరాల తర్వాత పుట్టిన కిషన్‌దాస్ సంతతి కృష్ణావత్‌లు. సలూంబర్ ఠికాణా, అంటే రాణా కింద ఒక సర్దారు ఏలే ఎస్టేటు, వీళ్ళది. చెట్టు, కొమ్మ, రెమ్మ, అంతే.

ఇక సింహాసనం సంగతి. లాఖా వయసు మళ్ళినవాడు. పదిహేనో శతాబ్దం మొదట్లో మార్వాడ్ రాఠోడ్ ఇంటి నుంచి కొబ్బరికాయ వచ్చింది. అక్కడ పెళ్ళి సంబంధం అడగాలంటే కొబ్బరికాయ పంపేవారు. పిల్ల హంసాబాయి, రణమల్ చెల్లెలు. సంబంధం చూండాకి. ఆ సమయానికి చూండా సభలో లేడు. లాఖా మీసం దువ్వుకుంటూ "ఈ ముసలివాడికి ఎవరు పంపుతారులే ఇలాంటివి" అన్నాడట నవ్వుతూ. సంగతి చూండా చెవిన పడింది. తండ్రి వేళాకోళానికైనా ఆశపడిన పిల్లని నేను చేసుకోను అని పట్టుపట్టాడు. వచ్చిన కొబ్బరికాయ తిప్పి పంపితే రాఠోడ్లకి అవమానం. దాంతో లాఖాయే చేసుకోవాల్సి వచ్చింది. కాకపోతే రాఠోడ్లు ఒక షరతు పెట్టారు: మా పిల్ల కడుపున పుట్టినవాడికే గద్దె. చూండా సరేనన్నాడు. అలా పుట్టినవాడు మోకల్.

మన భీష్ముడి కథే, కాకపోతే ఇతను పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. అందుకే ఈ చర్చ ఉంది!

వదులుకున్నందుకు చూండాకీ అతని వారసులకీ కొన్ని హక్కులు దక్కాయి. రాణా ఇచ్చే భూమి పట్టాల మీద వాళ్ళ బల్లెం గుర్తు పడాలి. యుద్ధంలో ముందు వరస, దాన్ని 'హరావల్' అంటారు, వాళ్ళది. రాజ్య వ్యవహారాల్లో వాళ్ళ సలహా వినాలి. మీ సహోద్యోగి ఇంట్లో కాగితం మీద ఉన్న గుర్తు అదే.

సందేహాల_పుట్ట:
మాస్టారూ, చిన్న గందరగోళం. రణమల్ తండ్రి పేరు కూడా చూండా అని ఎక్కడో చదివాను. మరి రణమల్ చెల్లెల్ని చూండాకి ఇవ్వడమేమిటి? తండ్రికేనా?

పాతకాగితం:
హహహ. ఇద్దరు చూండాలున్నారు. ఒకడు మండోర్ రాఠోడ్ రావ్ చూండా, రణమల్ తండ్రి. ఇంకొకడు మన సిసోదియా చూండా. పరీక్ష పేపర్లలో కూడా కలిపేసి రాసేవాళ్ళు పిల్లలు.

ఇందులో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. రణమల్ కూడా గద్దె దక్కని పెద్దకొడుకే. అతని తండ్రి చిన్నరాణి కొడుకు కాన్హాకి రాజ్యం కట్టబెడితే అలిగి మేవాడ్ వచ్చి లాఖా కొలువులో చేరాడు. తనకి జరిగిన అన్యాయాన్నే చెల్లెలి పెళ్ళి షరతుగా ఇంకో పెద్దకొడుకు మీద రుద్దాడు. లోకంలో కోడళ్ళ బాధ అత్తలే మరిచిపోతారంటారు, ఇదీ ఆ బాపతే.

గోదారిగట్టు_లక్ష్మి:
మధ్యలో హంసాబాయిని వదిలేశారు మాస్టారూ! కథంతా నడిపింది ఆవిడే కదా. లాఖా పోయాక మోకల్ చిన్నవాడు, పాలన చూండా చేతిలో ఉంది. "పేరుకి నా కొడుకు, ఏలేది వీడు" అని ఆవిడకి అనుమానం. ఆ మాట పడలేక చూండా మాళ్వా సుల్తాను దగ్గరికి, మాండూకి వెళ్ళిపోయాడు. అన్న రణమల్ వచ్చి పెత్తనం పుచ్చుకున్నాడు. 1433లో మోకల్ హత్య జరిగింది, చంపింది చాచా, మేరా అనే దాయాదులు. మనవడు కుంభా గద్దెక్కాడు. అప్పటికి రాజధాని చిత్తోడ్‌లో ఎటు చూసినా రాఠోడ్లే. మనవడికి ప్రమాదం అనిపించి, తాను పొమ్మన్న చూండానే మళ్ళీ పిలిపించింది ఆవిడ. 1438లో రణమల్‌ని చంపేశారు. అంటే సొంత అన్న మీదికి సవతికొడుకుని రప్పించింది. ఇంత రాజకీయం నడిపిన మనిషికి కథల్లో రెండు వాక్యాలు!

పాతకాగితం:
నిజమేనమ్మా, తప్పు నాదే. రణమల్ చావు గురించి చారణులు, అంటే అక్కడి వంది కవులు, చెప్పే కథ కూడా రంజుగా ఉంటుంది. భార్మలీ అనే దాసి అతనికి బాగా పట్టించి, అతని తలపాగాతోనే మంచానికి కట్టేసిందట. మెలకువ వచ్చి మంచంతో సహా లేచి నిలబడి కొట్లాడాడట. నమ్మాలో వద్దో మీ ఇష్టం. తర్వాత చూండా మండోర్ ఆక్రమించాడు. రణమల్ కొడుకు జోధా దాన్ని తిరిగి తీసుకోవడానికి 1453 దాకా పట్టింది. ఆరేళ్ళకి, 1459లో, జోధ్‌పూర్ కట్టాడు.

బొబ్బిలి_వీణ:
నాకు వంశం కన్నా లెక్కలు ఆసక్తి. ఈ ఠికాణా అంటే మన జమీందారీ లాంటిదేనా? మా తాతగారు ఎస్టేటులో గుమాస్తా, ఇంట్లో ఆ మాటలు విని పెరిగాను.

పాతకాగితం:
పోలిక కొంతవరకే. మన జమీందారు ముఖ్యంగా పేష్కష్ (కప్పం) కట్టేవాడు, 1802 తర్వాత శాశ్వత శిస్తు. ఠికాణేదారు ముఖ్యంగా కత్తి కట్టేవాడు. భూమి ఆదాయానికి తగ్గట్టు ఇన్ని గుర్రాలు, ఇంతమంది మనుషులతో చాకిరీ చెయ్యాలి. ఇక్కడ చాకిరీ అంటే కొలువు. మన 'వెట్టిచాకిరీ'లో మాటే, అర్థంలో ఎంత తేడా! ఏటా కొన్ని నెలలు మనుషులతో రాజధానిలో ఉండాలి, దసరాకి తప్పకుండా హాజరు కావాలి. రాణా సొంతంగా శిస్తు వసూలు చేసుకునే భూమి 'ఖాల్సా', సర్దార్లకి ఇచ్చింది 'జాగీరు'.

పెద్దకొడుకుకే మొత్తం ఎస్టేటు అనేది మాత్రం రెండుచోట్లా ఒకటే. మన దగ్గర ఆచారంగా ఉన్నదాన్ని 1904లో మద్రాసు ప్రభుత్వం అవిభాజ్య ఎస్టేట్ల చట్టంగా చేసింది. అక్కడ తమ్ముళ్ళకి తలా రెండు మూడు ఊళ్ళిచ్చి పంపేవారు. ఆ తమ్ముడు యుద్ధంలో పేరు తెచ్చుకుంటే రాణా అతనికి నేరుగా పట్టా ఇచ్చేవాడు, అప్పుడది కొత్త ఠికాణా. చూండావత్‌లు అలాగే పాకారు. దేవ్‌గఢ్ వాళ్ళు సాంగావత్‌లు, ఆమేట్ వాళ్ళు జగ్గావత్‌లు, బేగూ వాళ్ళు మేఘావత్‌లు. కురాబడ్, భైంస్రోడ్‌గఢ్ సలూంబర్ నుంచే చీలాయి. 1568లో అక్బర్ ముట్టడిలో చిత్తోడ్ కోటలో జైమల్‌తో కలిసి చనిపోయిన పత్తా కూడా జగ్గావతే.

సరస్సులఊరి_తెలుగోడు:
వావ్. ఈ పేర్లన్నీ ఇక్కడ బస్సు బోర్డుల మీద చూస్తుంటాను, ఒకే ఇంటివని తెలీదు. మరి అందరిలోకీ సలూంబర్‌దే మొదటి పీటా?

పాతకాగితం:
చిత్రం అక్కడే ఉంది. రెండో అమర్‌సింగ్ (1698-1710) సర్దార్లని తరగతులుగా విడగొట్టాడు. పైన పదహారు మంది, తర్వాత ముప్పైరెండు మంది, మిగతావాళ్ళు 'గోల్'. ఆ పదహారు కూర్చునే వరసలో సలూంబర్ నాలుగోది. ముందు సాద్రీ ఝాలాలు, తర్వాత బేద్‌లా, కోఠారియా చౌహాన్‌లు. మొదటి ముగ్గురూ సిసోదియాలు కారు, బయటి వంశాలవాళ్ళు. సాద్రీకి ఆ పీట ఊరికే రాలేదు. 1527లో ఖాన్వా యుద్ధంలో రాణా సాంగా గాయపడితే, సైన్యం చెదిరిపోకుండా రాజచిహ్నాలు తన మీద వేసుకుని నిలబడి చనిపోయాడు ఝాలా అజ్జా. సొంత దాయాదులకన్నా బయటివాళ్ళని ముందు కూర్చోబెట్టడంలో రాణాల తెలివి కూడా ఉంది. గద్దె అడగగలిగిన హక్కు దాయాదికే ఉంటుంది గదా.

సందేహాల_పుట్ట:
అంటే సింహాసనం వదులుకున్నందుకు దక్కింది నాలుగో పీట! మా పెదనాన్న ఇల్లు వదులుకున్నందుకు మాకు పెరట్లో జామచెట్టు ఇచ్చారు, అదే నయం.

సరస్సులఊరి_తెలుగోడు:
పీట సంగతి అలా ఉంచండి, ముందు వరసలో చావు మాత్రం వాళ్ళదే. మావాడు భోజనాల వేళ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. రావత్ (వీళ్ళ పెద్దల బిరుదు) రతన్‌సింగ్ 1527లో ఖాన్వాలో. రావత్ సాయీదాస్ 1568లో చిత్తోడ్ సూరజ్‌పోల్ దగ్గర. 1572లో ఉదయసింగ్ పోయినప్పుడు చిన్నకొడుకు జగ్‌మాల్ గద్దె మీద కూర్చుంటే, లేపి పక్కన కూర్చోబెట్టి ప్రతాప్‌కి పట్టం కట్టినవాళ్ళలో కిషన్‌దాస్ ఉన్నాడట. నాలుగేళ్ళకి హల్దీఘాటీలో కూడా ఉన్నాడట. ఊంటాలా కథ కూడా చెప్పాడు, వింటే ఒళ్ళు జలదరించింది.

పాతకాగితం:
ఊంటాలా అంటే ఇప్పటి వల్లభ్‌నగర్. ప్రతాప్ కొడుకు అమర్‌సింగ్ కాలం. ప్రతాప్ తమ్ముడు శక్తిసింగ్ సంతతి శక్తావత్‌లు అప్పటికి ఎదిగారు, హరావల్ మాక్కావాలన్నారు. రాణా ఏ పక్షమూ చెప్పలేక, మొగలుల చేతిలో ఉన్న ఊంటాలా కోటలో ముందు ఎవరు అడుగుపెడితే వాళ్ళదే అన్నాడు. శక్తావత్‌లు తలుపు మీదికి ఏనుగుని తోలారు. తలుపుకి ఇనుప మేకులున్నాయి, ఏనుగు జంకింది. బల్లూ శక్తావత్ మేకులకి తన వీపు ఆనించి, నా మీదుగా తోలమన్నాడు. అవతల గోడ ఎక్కుతున్న చూండావత్ జైత్‌సింగ్, శత్రువు దెబ్బకి కూలబోతూ, తన తల నరికి లోపలికి విసరమన్నాడని ఒక పాఠం. పడిపోయిన అతని శవాన్ని తోటివాడు వీపున కట్టుకుని గోడెక్కి లోపల పడేశాడని రాజస్థాన్ చరిత్ర రాసిన ఇంగ్లీషు అధికారి టాడ్ పాఠం. ఏ పాఠంలోనైనా హరావల్ చూండావత్‌లదే అయింది.

తగువు అక్కడితో ఆగలేదు. రెండో అమర్‌సింగ్ కాలంలో శక్తావత్‌లు వాళ్ళ బల్లెం గుర్తుకి పోటీగా తమ అంకుశం గుర్తు కూడా పట్టాల మీద వేయించుకున్నారు. పద్ధెనిమిదో శతాబ్దం చివరికి ఈ రెండు వర్గాల కొట్లాటలో మరాఠాలు దూరి రాజ్యాన్ని పిప్పి చేశారు. సలూంబర్ రావత్ భీమ్‌సింగ్ చిత్తోడ్ కోట పట్టుకుని కూర్చుంటే, ఖాళీ చేయించడానికి 1791లో మహాదజీ సింధియా రావాల్సి వచ్చింది. ఏ రాజ్యాన్ని తాత వదులుకున్నాడో అదే రాజ్యపు కోటని మనవలు పట్టుకుని కూర్చున్నారు!

గోదారిగట్టు_లక్ష్మి:
హాడీరాణి గురించి ఎవరూ ఎత్తలేదేం? సలూంబర్ అనగానే రాజస్థాన్‌లో అందరికీ గుర్తొచ్చేది ఆవిడేనట. కొత్త పెళ్ళికూతురు. భర్త చూండావత్ యుద్ధానికి వెళ్తూ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, ఏదైనా గుర్తు పంపమని మనిషిని పంపితే, తల నరికి పళ్ళెంలో పంపిందని. అక్కడి పోలీసు మహిళా బెటాలియన్‌కి కూడా ఆవిడ పేరే పెట్టారు.

నాకు మాత్రం ఈ కథ వింటే గర్వం కాదు, కడుపులో తిప్పుతుంది. మగాడికి మనసు కుదరకపోతే ఆడది తల ఇవ్వాలా?

సందేహాల_పుట్ట:
జరిగిందా అసలు?

పాతకాగితం:
కథని 1660 దగ్గర పెడతారు. కిషన్‌గఢ్ రాకుమారి చారుమతికి ఔరంగజేబుతో పెళ్ళి నిశ్చయమైతే, ఆమె రాణా రాజ్‌సింగ్‌కి కబురు పంపింది, ఆయన వెళ్ళి పెళ్ళి చేసుకున్నాడు. ఇంతవరకు చరిత్రే. ఆ దారిలో మొగల్ సేనని సలూంబర్ రావత్ ఆపాడని, అప్పుడే హాడీరాణి బలిదానమని కథ. ఆ పెళ్ళి నాడు అంత పెద్ద యుద్ధం జరిగిన ఆధారం లేదు. రాజ్‌సింగ్‌కీ ఔరంగజేబుకీ అసలు యుద్ధం 1679లో మొదలైంది. నేను క్లాసులో దీన్ని 'జనం నమ్మిన కథ' అని చెప్పేవాణ్ణి, 'జరిగిన సంగతి' అని చెప్పలేదు. లక్ష్మిగారూ, నన్నడిగితే చారుమతి రాయబారమే పెద్ద సాహసం.

రాజుల_రుషి:
సభ్యులకు మనవి. మన ఆంధ్ర క్షత్రియులు కూడా ఈ వంశాల నుంచే

వేదిక_నిర్వాహకుడు:
పై పోస్టు కుదించాను. ఎవరు ఎవరి సంతతి అన్నదానికి వేరే దారం ఉంది, పోయిన ఏడాది నాలుగు వందల పోస్టుల యుద్ధం అక్కడ భద్రంగా ఉంది. ఇక్కడ సలూంబర్ మాత్రమే.

నల్గొండ_నాగలి:
అన్నలూ, అక్కలూ, ఇంతసేపూ చదివిన. తలలు నరుక్కున్నోళ్ళ పేర్లు అన్నీ వచ్చినయ్. ఆ గుర్రాలకు గడ్డి ఎవలు కోసిన్రు, ఆ కోటకు రాళ్ళు ఎవలు మోసిన్రు? మా తాత దొర గడీల వెట్టి చేసినోడు, అందుకే అడుగుతున్న.

మీరు చెప్పిన చూండావత్ కొమ్మల బేగూ ఉంది గద. అక్కడ 1921ల రైతులు లేచిన్రు. లాగ్-బాగ్ అని పదుల రకాల పన్నులు, పైన బేగార్. బేగార్ అంటే మన వెట్టే. రావత్ అనూప్‌సింగ్ రైతులతోని రాజీకి వచ్చిండు. ఉదయపూర్ దర్బారు ఆ రాజీని 'బోల్షివిక్ ఫైసలా' అని కొట్టేసింది. విచారణకు ట్రెంచ్ అనే ఇంగ్లీషు దొరను పంపింది. 1923 జూలై 13న గోవింద్‌పురల రైతులు సభ పెట్టుకుంటే కాల్పులు జరిపిన్రు. రూపాజీ, కిర్పాజీ అని ఇద్దరు ధాకడ్ రైతులు చచ్చిపోయిన్రు. వాళ్ళది ఏ వంశావళిల ఉంది?

పాతకాగితం:
అడగాల్సిన ప్రశ్న. దీనికి వంశంతోనే లంకె ఉంది, చెప్తాను. పాత ఠికాణేదారు చనిపోతే వారసుడికి రాణా కత్తి కట్టాలి. 'తల్వార్ బంధాయీ' అంటారు. అందుకు వారసుడు దర్బారుకి పెద్దమొత్తం నజరానా కట్టాలి. బేగూ పక్కనే బిజోలియా, పర్మార్ల ఠికాణా. 1906లో కొత్త రావ్ ఆ నజరానాని పన్నుగా రైతుల మీద వేశాడు. అంతకు మూడేళ్ళ ముందు రైతు కూతురి పెళ్ళికి అయిదు రూపాయల చన్వరీ పన్ను వేశారు. దాంతో జనం ఆ ఏడు పెళ్ళిళ్ళే మానేశారు. ఎనభై నాలుగు రకాల లాగ్‌లుండేవని లెక్క. 1897లో మొదలైన ఆ పోరాటం విజయ్‌సింగ్ పథిక్ చేతికొచ్చాక దేశమంతా తెలిసింది, 1941 దాకా సాగింది. వంశవృక్షంలో ఒక కొత్త పేరు ఎక్కితే, ఆ సిరా ఖర్చు రైతు ఇంట్లోంచి పోయేది.

బొబ్బిలి_వీణ:
ఈ వంశవృక్షాల్ని ఎంత నమ్మొచ్చు మాస్టారూ? తండ్రి తర్వాత కొడుకు, ఆరొందల ఏళ్ళు తెగకుండా ఎలా వస్తుంది?

పాతకాగితం:
రాదు. మేవాడ్ రాణాల్నే చూడండి. 1838లో సర్దార్‌సింగ్, 1842లో స్వరూప్‌సింగ్, 1861లో శంభుసింగ్, 1874లో సజ్జన్‌సింగ్, 1884లో ఫతేసింగ్. వరసగా అయిదుగురూ దత్తతే. నలుగురు రాణాల దాయాదులైన బాగోర్ ఇంటివాళ్ళు, చివరివాడు శివరతీ ఇంటివాడు. కాగితం మీద మాత్రం తండ్రి, కొడుకు, మనవడు అని నున్నగా దిగుతుంది. ఠికాణాల్లోనూ అంతే, అందుకే దగ్గరి కొమ్మలు బతికుండటం అంత ముఖ్యం. వంశావళి అంటే రక్తం చీటీ కాదు, భూమి దస్తావేజు. దాయాది దావా వేస్తే చూపించడానికి రాయించుకున్నది.

రాసేవాళ్ళు బడవాలు, వాళ్ళ పొడుగాటి పుస్తకాన్ని బహీ అంటారు. మన భట్రాజుల్లాగా ఇంటింటికీ వచ్చి పుట్టినవాళ్ళ పేర్లు ఎక్కించుకుని కట్నం పుచ్చుకుంటారు. 1818లో ఏజెంటుగా వచ్చిన టాడ్ జైన యతి జ్ఞానచంద్రుణ్ణి పక్కన పెట్టుకుని ఇవన్నీ చదివించుకున్నాడు. అదే రోజుల్లో మెకంజీ మన ఊళ్ళ కైఫీయతులు (గ్రామ చరిత్రలు) పోగుచేయించలేదూ, కావలి సోదరులతో? అలాంటి పనే.

సందేహాల_పుట్ట:
బ్రిటిష్‌వాళ్ళొచ్చాక సలూంబర్ సంగతేమిటి? 1857లో?

పాతకాగితం:
అప్పటి రావత్ కేసరీసింగ్‌కీ మహారాణా స్వరూప్‌సింగ్‌కీ పడేది కాదు. రాణా ఇంగ్లీషువాళ్ళ పక్షం, కేసరీసింగ్ తిరుగుబాటుదార్ల మీద సానుభూతి ఉన్నవాడు. దేశభక్తి ఎంత, పాత హక్కుల పేచీ ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. సలూంబర్ రాగి నాణేలు కూడా వేసింది, రావత్ పదమ్‌సింగ్ పేరున 'పదమ్‌షాహీ'. సర్దారు నాణెం కొట్టడమంటే మాటలు కాదు.

చివరికి 1948 ఏప్రిల్‌లో మేవాడ్ రాజస్థాన్‌లో కలిసింది. 1952 చట్టంతో జాగీర్లు పోయాయి. మన హైదరాబాద్‌లో 1949లోనే పోయాయి, మద్రాసు జమీందారీల రద్దు చట్టం 1948ది. ఇంకోమాట, రాజభరణాలు రాజులకే గానీ సర్దార్లకి కావు. వీళ్ళకి దక్కింది పరిహారం మాత్రమే.

సరస్సులఊరి_తెలుగోడు:
అందరికీ దండాలు. నిన్న మధ్యాహ్నం ఈ దారం మొత్తం మావాడికి హిందీలో చెప్పాను. నాలుగో పీట దగ్గర కాస్త ముఖం ముడిచాడు గానీ కాదనలేదు. బేగూ సంగతి తనకి తెలుసన్నాడు, చిన్నప్పుడు ఇంట్లో ఎవరూ చెప్పలేదు, కాలేజీలో చదివాడట.

వాళ్ళ బడవా మూడేళ్ళకోసారి వస్తాడట. పోయినసారి వచ్చినప్పుడు తన ఇద్దరు కూతుళ్ళ పేర్లు కూడా రాయమంటే, "ఆడపిల్లలు వాళ్ళ అత్తగారి బహీలో ఎక్కుతారు" అన్నాడట. అక్కడా ఫలానావారి కూతురు అనే గానీ పేరు ఉండదని వీడికి తెలుసు. వాదించి, అదనంగా అయిదొందలు ఇచ్చి రాయించాడట. ఫోన్‌లో ఫొటో చూపించాడు. పసుపు కాగితం, నల్ల సిరా, చివర్న నీలం బాల్‌పెన్నుతో ఇరుగ్గా రెండు పేర్లు.

గోదారిగట్టు_లక్ష్మి:
ఆ పిల్లల పేర్లు వద్దులే గానీ, ఆ బాల్‌పెన్ను బడవాదా, మీవాడిదా?

సరస్సులఊరి_తెలుగోడు:
మావాడిదేనండీ. బ్యాంకుది.